రాజు పక్షాన మాట్లాడమన్న మేడం

కొత్త పసుపు దిగే రోజుల్లో ఆర్మూర్‌లో అడుగు పెడితే నాకు తుమ్ములు ఆగవు. మొన్న కోర్టులో వాయిదా ఉండి వెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే ఒక గోదాము ముందు పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము గడగడా తిరుగుతోంది. పచ్చటి దుమ్ము గాలిలోకి లేచి, ఘాటు నేరుగా ముక్కులోకి ఎక్కింది. వరసగా తుమ్ములు. పక్కన నడుస్తున్న తోటి వకీలు "మంచిది కాదు, జర ఆగి పోదాం" అన్నాడు శకునం చూసుకుంటూ. నాకు నవ్వొచ్చింది. పసుపు ఘాటుకు నాకంటే ఎక్కువగా తుమ్మే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె తుమ్ముకూ తుమ్ముకూ మధ్య మాకు గ్రీకు నాటకం చెప్పింది. శకునాలు పట్టించుకుని ఉంటే ఆ పాఠం ఈనాటికీ మొదలయ్యేది కాదు.

ఎనభైల చివరి మాట. మా డిగ్రీ కాలేజీకి అప్పట్లో సొంత బిల్డింగు లేదు. పసుపు గోదాముల వెనక ఒక అద్దె మేడలో నడిచేది. కిటికీలు మూస్తే ఉక్కపోత, తెరిస్తే దుమ్ము. సువార్త మేడం ఇంగ్లీషు లెక్చరర్. పొట్టి మనిషి. బల్ల వెనక నిలబడితే తలకాయా, చాక్‌పీసు పట్టిన చెయ్యీ తప్ప ఏమీ కనిపించేవి కావు. గొంతు మాత్రం కింద మార్కెట్లో వేలం పాడేవాళ్ళకు పోటీ వచ్చేది. ఆమెది దొంకేశ్వర్ వైపు. తల్లి రైతుల చేన్లలో పసుపు తవ్వే కూలీ. మేడం మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. ఈ సంగతి ఆమె దాచుకోలేదు, చెప్పుకుని తిరగనూ లేదు. పాఠం ఇంగ్లీషులో చదివి, పుస్తకం మూసి, మిగతాదంతా మన మాటలోనే చెప్పేది. పుస్తకం మూసిన తర్వాతే అసలు పాఠం అని మాకు కొన్నాళ్ళకు అర్థమైంది.

ఆ ఏడు మాకు ఒక పాత గ్రీకు విషాద నాటకం వచ్చింది. పేర్లు ఎవరి నోరూ తిరగలేదు. మేడం పేర్లన్నీ తీసేసి రాజు, చెల్లె అని రెండు ముక్కలు చేసింది. కథ ఇంతే. రాజ్యం కోసం ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుని చస్తారు. గద్దెనెక్కిన మేనమామ వాళ్ళలో ఒకడికి మర్యాదగా అంత్యక్రియలు చేయిస్తాడు. ఊరి మీదికి దండెత్తి వచ్చిన రెండోవాణ్ణి మాత్రం ఎవరూ పూడ్చకూడదని చాటింపు వేయిస్తాడు. వాళ్ళ చెల్లెలు వినదు. పోయి అన్న మీద మట్టి పోస్తుంది. రాజైన ఆ మేనమామ ఆమెకు చావు శిక్ష వేస్తాడు. మేడం ఇంత చెప్పేసరికే క్లాసు మండిపడింది. మా వైపు మేనమామ అంటే మేనకోడలికి తండ్రి తర్వాత తండ్రి. "మేనమామ అయ్యుండి గట్ల చేస్తడా మేడం? మనిషేనా వాడు!" అని మొదట లేచింది నేనే.

మేడం కొంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. "అయితే నువ్వే రాజువు" అంది.

"నేనెందుకు మేడం? నాకు చెల్లె కావాలె."

"చెల్లె యాదగిరి."

నందిపేట్ నుంచి వచ్చే యాదగిరికి అప్పటికే గుబురు మీసాలు. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. మేడం నవ్వలేదు. "ఎవలైతే ఎవలను ఎక్కువ తిడుతరో, వాళ్ళు గాళ్ళ పక్కన కూసోవాలె. గాళ్ళ తరఫున మాట్లాడాలె. అవతలోడు ఇని 'అవును, గదే నా మాట' అనేదాంక ఇడిసిపెట్టను. గంత దాంక ఎవలు తప్పు ఎవలు ఒప్పు అని నా క్లాసుల అనొద్దు." ఇదీ ఆమె నియమం. బజారులో దొరికే గైడులో ఉన్న రెండు పేజీల సారాంశం బట్టీ పట్టి పాసయ్యే మాలాంటివాళ్ళకు ఇది గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

నేను రాజును అస్సలు చేయలేకపోయాను. పట్టుమని రెండు వాక్యాలు మాట్లాడి మళ్ళీ చెల్లెలి పక్షానికి జారిపోయేదాన్ని. యాదగిరి మాత్రం చెల్లెలి మాటలు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టించాడు. నాకు రాజంటే అంత కోపం ఎందుకో క్లాసులో ఎవరికీ తెలియదు. మా ఇంట్లోనే ఒక రాజున్నాడు.

మా బాపు ఆ ఏడే మా ఊరి కమిటీకి పెద్ద అయ్యాడు. వానలు మొహం చాటేశాయి. తాగేనీళ్ళ బావి అడుగు కనిపిస్తుంటే, దాని చుట్టుపక్కల ఎవరూ బోరు వేయకూడదని కమిటీ తీర్మానించింది. మా చిన్నబాపు, అంటే బాపు సొంత తమ్ముడి చేను ఆ బావి పక్కనే. పసుపు వాడిపోతుంటే చూడలేక ఆయన బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. నీళ్ళతో పాటు మా ఇంట్లో నిప్పు కూడా పడింది. బాపు డప్పు చాటింపు వేయించాడు. చిన్నబాపు కమిటీ ముందు చేతులు కట్టుకుని తప్పయిందని చెప్పేదాకా ఆ ఇంటితో ఊరివాళ్ళెవరూ మాట్లాడకూడదు, వాళ్ళ పనికి పోకూడదు, పనిముట్టు ఇవ్వకూడదు. మా ఊళ్ళో దీన్ని మాట బందు అనేవాళ్ళు. బందు ఎత్తేసేందుకు కూడా ఒక ఆనవాయితీ ఉండేది. కమిటీ పెద్ద నలుగురి ముందు ఆ ఇంటి నీళ్ళు తాగాలి. ఆయన గొంతులో నీళ్ళు దిగితేనే ఊరు మళ్ళీ ఆ ఇంటి గడప ఎక్కుతుంది.

చిన్నబాపు చేతులు కట్టుకోలేదు. కూలీలు రాకపోతే ఆయనా చిన్నమ్మా ఇద్దరే వంగి పసుపు తవ్వుకున్నారు. తవ్వడం ఒక ఎత్తు, ఉడకబెట్టడం ఒక ఎత్తు. తవ్విన పసుపును ఎక్కువ రోజులు పచ్చిగా వదిలేస్తే కుళ్ళుతుంది, మిగిలింది మార్కెట్లో ఎవడూ కన్నెత్తి చూడడు. ఉడకబెట్టే పెద్ద ఇనుప కడాయిలు మా ఊళ్ళో మా ఇంటివే. అవి మా చేనులో మొదలై వంతుల ప్రకారం ఒక చేను నుంచి ఇంకో చేనుకు పోయేవి. మా తర్వాతి వంతు ఎప్పుడూ చిన్నబాపుదే. ఆ ఏడు ఆయన కుప్పను దాటేసి పక్క చేనుకు పోతాయని ఊరంతా అనుకుంది. ఏడాది కష్టం కళ్ళముందే కుళ్ళిపోవాలి, అదీ అన్న చేతుల మీదుగా. నేను రోజూ కాలేజీకి పోయేటప్పుడు ఆ కుప్పను చూసేదాన్ని, బాపును చూడటం మానేశాను.

ఒకరోజు క్లాసులో బరస్టయ్యాను. "రాజు మూర్ఖుడు మేడం. వాడి దిక్కు చెప్పేందుకు ఏం లేదు. వాడికి గద్దె తప్ప ఎవలూ అక్కర లేదు!" అని అరిచి కూర్చున్నాను. నా గొంతులో నాటకం లేదని మేడం పసిగట్టింది. క్లాసయ్యాక ఆగమంది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. పాపం, అయ్యో అని ఒక్క ముక్క అనలేదు ఆమె. రెండుసార్లు తుమ్మి, నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"రాజు ఎవలకు భయపడుతుండు?"

"రాజు ఎవలకు భయపడుతడు మేడం? రాజు కదా."

"భయం లేనోడు అంత గట్టిగ అరువడు బిడ్డా. మంచిగ సూడు. గద్దె మీదికి కొత్తగ వచ్చిండు. మొదటి హుకుం. తప్పు చేసింది ఎవలు? సొంత మేనకోడలు. పరాయోళ్ళు చేస్తే మాఫ్ చేసినా చెల్లుతది. ఇంటిదాన్ని ఇడిసిపెడితే ఊరేమంటది?" కాసేపు ఆగి ఇంకో మాట అంది. "నాటకంల రాజు దగ్గరికి ఎవలెవలు వచ్చిండ్రో లెక్క చూడు. కొడుకు వచ్చిండు, గుడ్డి జోస్యుడు వచ్చిండు, అందరు నీది తప్పు అన్నోళ్ళే. దిగేతందుకు ఒక్కడన్న నిచ్చెన ఏసిండా? ఏసే నాటికి అందరు సచ్చిండ్రు."

అంతే చెప్పి పుస్తకాలు సర్దుకుని పోయింది. మీ బాపు దగ్గరికి పో, ఇలా మాట్లాడు అని చెప్పలేదు. మేడం ఎప్పుడూ అలాంటివి చెప్పదు. ఆర్మూర్ నుంచి మా ఊరికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను మా బాపు లోపలికి పోయి చూశాను. అప్పటిదాకా ఆయన నాకు మీసం, గొంతు, తలపాగా.

మర్నాడు పొద్దున చేనుకు పోయాను. చివరి కడాయి ఉడుకుతోంది. పైన పసుపు ఆకులు, తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి. బాపు పొయ్యిలోకి కట్టెలు తోస్తున్నాడు. నా వైపు చూడలేదు. నేను పోయి పక్కన కూర్చున్నాను. "బాపూ, ఒక మాట చెప్త. నీ మాటనే చెప్త, నాది గాదు. తప్పయితే నడుమ ఆపు" అన్నాను.

"నువ్వు పెద్ద కొత్తగ అయినవు. తాగే నీళ్ళ కోసం హుకుం పెట్టినవు, నీ కోసం గాదు. తప్పినోడు ఇంకెవడన్న అయితే నాలుగు మాటలు అని ఇడిసిపెడుదువు. తమ్ముడైండు. తమ్ముణ్ణి ఇడిసిపెడితే రేపు బావి సుట్టూ పది బోర్లు పడుతయి, ఎవణ్ణీ ఆపే మొఖం నీకుండదు. అందుకే అందరికంటే వానికే ఎక్కువ శిచ్చ ఏసినవు. చాటింపు ఏసిన నాటి సంది నీకు బుక్క దిగుతలేదు."

బాపు చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. దాన్ని పొయ్యి పక్కన దించాడు. తర్వాత చిన్నగా, "అవును బిడ్డా. గదే" అన్నాడు. మా బాపు కళ్ళలో నీళ్ళు చూసింది అప్పుడే. పొగ అనుకోమన్నట్టు మొహం తిప్పుకున్నాడు. నాకు రెక్కలొచ్చాయి.

"ఇగ చిన్నబాపు దగ్గరికి పోతున్న" అని లేచాను.

"బందు ఉన్నది."

"తెలుసు."

ఆయన మళ్ళీ పొయ్యి వైపు తిరిగి, "నేను నిన్ను చూడలే" అన్నాడు.

చిన్నబాపు కుప్ప పక్కన మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి బెదిరాడు. ఆయన మాట ఆయనకు చెప్పడానికి నాకు ఎక్కువ తంటా ఉండదనుకున్నాను. ఎండుతున్న పంట, చెవిలో పోరే అప్పు అని నేను చెప్పుకుంటూ పోతుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "అవన్నీ ఉన్నయి గని, అది గాదు బిడ్డా. నా అన్నకు నేను పగోణ్ణయిన అని డప్పు ఇని తెలుసుకున్న. నా గడప ముంగటికి వచ్చి ఒక్క మాట అంటే, నేనే గా బోరుల మన్ను పోసేటోణ్ణి." బోరు గురించి కాదు, గడప గురించి అన్నమాట తగువు. ఊరంతా ఇన్ని రోజులు నీళ్ళ గురించి మాట్లాడుకుంది.

"సరే, ఇప్పుడు నువ్వు బాపువు. నువ్వు పెద్దవు. తమ్ముడు బోరు ఏసిండు. ఏం చేస్తవు?" అని అడిగాను. మొదట విసుక్కున్నాడు, తర్వాత నవ్వాడు, తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు. "నేనైతే ఇంక జర ఎక్కువనే అరుద్దును" అన్నాడు తనలో తాను.

"కమిటీ ముంగట చేతులు కట్టుకొని నిలవడకు చిన్నబాపూ. బోరు నీళ్ళు ఒక్క బిందె తీస్కరా" అన్నాను. ఎందుకో వివరించాల్సిన పని పడలేదు. ఆయన కూడా ఆ ఊరి మనిషే.

మరుసటి పొద్దున బడి ముందు కమిటీ కూర్చుంది. చిన్నబాపు భుజం మీద ఇత్తడి బిందెతో వచ్చి మధ్యలో దించాడు. "గివి మా బోరు నీళ్ళు. ఎండాకాలం బావి అడుగంటితే గా బోరు ఊరిది. బావి దాంక పైపు నేనే ఏస్త" అన్నాడు. కమిటీలో ఒకాయన గొంతు సవరించుకుని, "మరి తప్పయింది అనాలె గద?" అన్నాడు. అందరి కళ్ళూ బాపు మీదికి తిరిగాయి. నాటకంలో సరిగ్గా ఇక్కడే రాజు చెడిపోయాడు.

బాపు లేచాడు. "ఊరికి నీళ్ళు తెచ్చినోణ్ణి తప్పయింది అనుమంటే, రేపు ఎవడు తెస్తడు?" అన్నాడు. వంగి దోసిలి పట్టాడు. చిన్నబాపు బిందె వంచాడు. బాపు తాగుతూనే ఉన్నాడు, నీళ్ళు మోచేతుల మీదుగా కారి అంగీ తడిసిపోయింది. తాగి, తల ఎత్తకుండానే, "చాటింపు ఏసే ముంగట నీ గడపకు రావలసుండె. రాలే" అన్నాడు తమ్ముడితో. ఆ తర్వాత గొంతు పెంచి ఊరికి వినిపించేలా అన్నాడు. "కడాయిలు పంపుతున్న. రేపటి వంతు వీనిదే!" ఎవరో ఈల వేశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. పరీక్షల్లో ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకు అంత సంబరం కలగలేదు.

కాలేజీకి పోయి మేడంకు ఊపిరాడకుండా చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. గట్టిగా నా వీపు మీద చరిచింది. వెంటనే అడిగింది, "మరి మీ చిన్నమ్మ ఏమన్నది?"

రాజు మాట చెప్పాను, తమ్ముడి మాట చెప్పాను. ఆయనతో పాటు నడుము విరిగేలా పసుపు తవ్విన మనిషిని ఒక్క మాట అడగలేదు. "పెద్ద పెద్దగ మాట్లాడేటోళ్ళు ఇద్దరే ఉంటరు బిడ్డా. దెబ్బ తినేటోళ్ళు ఇంక వెనుక ఉంటరు. గాళ్ళను అడుగుతెనే నాటకం చదివినట్టు" అంది మేడం.

ఆ సాయంత్రమే చిన్నమ్మ దగ్గరికి పోయి సంజాయిషీ మొహంతో అడిగాను. ఆమె పకపకా నవ్వింది. "మీ మొగోళ్ళ బందు మా పెరటి గోడ దాంక రాలేదు తియ్యి. నేను మీ అమ్మ రోజు మాట్లాడుకున్నం. కుప్పను నీడకు గుంజి, ఆకు కప్పి, పైన తడి సంచులు ఎయ్యిమని మీ అమ్మనే చెప్పింది. లేకుంటే ఇయ్యాల దాంక ఆగునా?" అంది. నిజమే. ఆ కుప్ప అన్ని రోజులు చెడకుండా ఎలా ఉందని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మా అమ్మ, కమిటీ పెద్ద పెళ్ళాం, ఆయన హుకుంను ఆయన పెరట్లోనే తప్పుతూ వచ్చింది. నా గొప్పతనం ఒక అంగుళం తగ్గి, సంతోషం రెండింతలైంది.

ఎండిన పసుపుకు పాలిష్ పట్టించి అన్నదమ్ములిద్దరూ ఒకే ట్రాక్టరు మీద ఆర్మూర్ మార్కెట్‌కు తెచ్చారు. నేను మేడంను కిందికి తీసుకొచ్చాను. మా బాపు మామూలుగా కూలీల బిడ్డలకు లేచి నిలబడే మనిషి కాదు. ఆ రోజు సంచి మీద నుంచి లేచి, తలపాగా సవరించుకుని, తను కూర్చున్న చోటు దులిపి ఆమెకు చూపించాడు. "మేడమూ, మీరు మా బిడ్డకు నన్ను నాటకంల రాజు అని చెప్పిండ్రట" అన్నాడు, సగం నిష్ఠూరంగా, సగం గర్వంగా.

మేడం పసుపు సంచి మీద కూర్చుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆయన వైపు చూసింది. "నాటకంల రాజు టైముకు దిగలేదు సార్. మీరు దిగిండ్రు. గసొంటి రాజు గా పుస్తకంల లేడు" అంది. చిన్నబాపు గట్టిగా నవ్వాడు. బాపు చాయలు తెమ్మని కేకేశాడు. ఆ తర్వాత ఆయన కమిటీలో ఉన్నన్నాళ్ళు, ఎవరి ఇంటి మీద డప్పు కొట్టించాలన్నా ముందు వాళ్ళ గడపకు ఒంటరిగా పోయి వచ్చేవాడు. చాలాసార్లు డప్పు దాకా రానే లేదు.

సువార్త మేడం ఇప్పుడు లేదు. నేను వకీలునయ్యాను. ఏ కేసు వచ్చినా నా దగ్గరికి వచ్చినవాళ్ళ మాట విన్నాక, అవతలివాళ్ళ మాట నేనే చెబుతాను. ఆ ఇంట్లో గొంతు వినిపించని మనిషి ఎవరో ఆరా తీస్తాను. నా కక్షిదారులు కంగారు పడతారు. మొన్న ఆర్మూర్‌లో అదే జరిగింది. భూమి తగువులో అక్కాతమ్ముళ్ళు. కోర్టు వరండాలో తమ్ముడి తరఫు మాట నేను చెబుతుంటే, నా కక్షిదారైన అక్కకు కోపమొచ్చి లేచి నిలబడింది. అవతల కూర్చున్న తమ్ముడు మాత్రం తల వంచుకుని, "మా వకీలు గూడ గింత మంచిగ చెప్పలే" అన్నాడు. అక్క అతని వైపు చూసింది, ఎన్నేళ్ళకు చూసిందో మరి. ఇద్దరూ లోపలికి పోకుండా మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆమె నా దగ్గరికి వచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అడిగింది, "ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఇంతకు నువ్వు ఎవల తరఫు వకీలువమ్మా?"

సువార్త మేడం తరఫు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, ఎవరో పెద్ద వకీలమ్మ అనుకుని దండం పెట్టింది. నేను ఆ దండాన్ని మేడంకే అని తీసుకున్నాను.